సుద్ద గీయని బండ

నేను ఇప్పటిదాకా నాలుగు వేల నూట పదమూడు గడులు గీశాను. వాటిలో సరిగ్గా గీసింది ఒక్కటే. ఆ ఒక్కదాని గురించి ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

మా బాపు పేరు ఓదెలు. చింతలగూడెం రెండో బాయిలో ఇరవై తొమ్మిదేళ్లు సర్దార్‌గా చేశాడు. మా వైపు నాన్నను బాపు, బొగ్గు గనిని బాయి అంటారు. సర్దార్ అనగానే పెత్తనం చేసేవాడని బయటివాళ్లు అనుకుంటారు గానీ, ఆ ఉద్యోగంలో సగం పని బండను కొట్టి వినడమే. షిఫ్టు దిగగానే మిగతావాళ్లకంటే ముందు వెళ్లి, చివర ఇనుము తొడిగిన కర్రతో నెత్తిమీది రాతికప్పును తట్టుకుంటూ పోవాలి. బండ గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే గుల్లగా, ఖాళీ రేకుడబ్బాను కొట్టినట్టు పలుకుతుంది. అలా పలికిన చోట బాపు సుద్దముక్కతో పెద్ద ఇంటూ గుర్తు గీసేవాడు. సపోర్టువాళ్లు వచ్చి బోల్టులు బిగించేదాకా ఆ గుర్తు కింద ఎవరూ అడుగుపెట్టేవారు కాదు.

అందుకని బాపు చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా జేబు కూడా తెల్లగానే ఉండేది. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ జేబుల్ని ఉతకలేక తిట్టిపోసేది.

నేను అదే బాయి ఆఫీసులో, సేఫ్టీ సెక్షన్‌లో కాంట్రాక్టు ఉద్యోగిని. పైనే, ఏసీ గదిలో. కంపెనీ కొత్తరకం హెల్మెట్లు కొన్నది. ముందువైపు గోళీకాయంత కెమెరా, కళ్లకెదురుగా వేలెడంత అద్దం ముక్క. తలెత్తి చూసినప్పుడు పైన చెడ్డ బండ ఉంటే, ఆ అద్దంలో సరిగ్గా ఆ బండ మీద ఎర్ర గడి వెలుగుతుంది, చెవిలో కూత వినిపిస్తుంది. కూలీలు దాన్ని ఎర్రడబ్బ అనేవారు. హెల్మెట్లు తయారుగా వచ్చాయి గానీ వాటికి బుద్ధి మాత్రం రాలేదు. చెడ్డ బండ అంటే ఏమిటో ఎవరో ఒకరు నేర్పాలి. ఆ ఎవరో ఒకరు నేను.

నేర్పడం ఎంత తేలికో చెబితే నవ్వుతారు. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లను అద్దెకిచ్చే క్లౌడ్ సర్వీసు ఒకటుంది. మన ఫొటోలు దానికి పంపాలి. ఒక్కో ఫొటోలో మనకు కావలసిన వస్తువు చుట్టూ మౌసుతో గడి గీసి, దాని పేరు రాయాలి. అన్నీ అయ్యాక ఒక మీట నొక్కి, వెళ్లి టీ తాగాలి. సాయంత్రానికల్లా అది నేర్చుకుని కూర్చుంటుంది. ఎలా నేర్చుకుందో, ఏం చూసి నేర్చుకుందో మాత్రం చెప్పదు. మనమూ అడగం.

ఫొటోలు తీసింది బాపే. ఆరు నెలలపాటు కర్రతోపాటు కెమెరా కూడా పట్టుకుని దిగాడు. చెడ్డ బండ తగిలిన ప్రతిచోటా నాలుగైదు ఫొటోలు, మంచి బండల ఫొటోలు వేరే. ఆడవాళ్లు బాయిలోకి దిగడానికి అనుమతి వచ్చి చాలా కాలమైంది కాబట్టి నన్నూ రమ్మని మూడుసార్లు పిలిచాడు.

"ఒక్కపారి దిగు బిడ్డా. నీ చేత్తోని కొట్టి ఇను. ఫొటోలకు సప్పుడు ఉండదు గదా," అన్నాడు చివరిసారి.

దుమ్ము పడదని వంక చెప్పాను. అసలు సంగతి అది కాదు. మా ఇంట్లో బొగ్గు అంటని చేతులు నావే. అదంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా అది నిజం.

గడులు ఎలా గీశానో కూడా చెప్పాలి. ఫొటో తెరిస్తే అంతా నల్లటి రాయి. ఎక్కడ మంచిదో ఎక్కడ చెడ్డదో నాకేం తెలుసు? కానీ మధ్యలో బాపు గీసిన తెల్లటి ఇంటూ గుర్తు కనిపించేది. దాని చుట్టూ ఎర్ర గడి గీసి, కింద ‘చెడ్డ బండ’ అని రాసేదాన్ని. రోజుకు వంద, ఉత్సాహం వస్తే రెండు వందలు. బాపు గుర్తు పెట్టడం ఎంత మేలు చేసిందో అని మురిసిపోయాను కూడా.

మార్చి నెలాఖరున మీట నొక్కాను. మనం ఇచ్చిన ఫొటోల్లోంచే కొన్ని దాచిపెట్టి, వాటితో ఆ సర్వీసు దానికదే పరీక్ష పెట్టుకుంటుంది. నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. బడిలో నాకెప్పుడూ రాని మార్కులు అవి. మేనేజర్ మాధవరావు గారు ఆ అంకెను పెద్ద కాగితం మీద అచ్చువేయించి గోడకు పెట్టించారు. పరీక్షకు వచ్చిన ప్రశ్నలు కూడా బాపు కెమెరాలోంచి వచ్చినవే కదా అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఏప్రిల్, మే నెలల్లో బాయిలో పరీక్షించారు. సర్దార్లు ఎప్పటిలాగే ముందు వెళ్లి తట్టి గుర్తులు పెట్టేవారు. వెనక హెల్మెట్లు పెట్టుకున్నవాళ్లు వెళ్లేవారు. సర్దార్లు చెడ్డదన్న ప్రతి బండ మీదా ఎర్రడబ్బ వెలిగింది. ఒక్కటీ తప్పలేదు. జూన్ ఒకటి నుంచి సర్దార్లకు బండలు తట్టే పని తీసేశారు.

బాపును పైన ల్యాంపు రూంలో వేశారు. దిగేవాళ్లకు దీపాలు, హెల్మెట్లు అందించే పని. మా తమ్ముడు తిరుపతి సపోర్టు గ్యాంగులో చేసేవాడు. చెడ్డ బండ కిందికి వెళ్లి దాన్ని బోల్టులతో కట్టేసేది వాళ్లే. బండ ఎక్కడ చెడ్డదో ముందు తెలియాల్సింది కూడా వాళ్లకే. రోజూ బాపు చేతులమీదుగా హెల్మెట్ తీసుకుని, మా అక్క నెత్తిమీద కన్ను పెట్టిందని అందరికీ చెప్పుకునేవాడు. వాడికి నేను చేసే ప్రతి పనీ గొప్పే. చిన్నప్పుడు నేను సైకిల్ తొక్కడం నేర్చుకుంటే ఊరంతా చాటింపు వేసినవాడు.

జూన్‌లో ఎర్రడబ్బలు తగ్గిపోయాయి. మే నెలలో రోజుకు ఏడో ఎనిమిదో వచ్చేవి. జూన్ మొదటి పది రోజుల్లో అన్నీ కలిపి నాలుగు. మాధవరావు గారు ఆఫీసులో మిఠాయి పంచారు. బాయి ఇంత క్షేమంగా ఎప్పుడూ లేదని పై అధికారులకు రాశారు. నేనూ రెండు లడ్డూలు ఇంటికి తెచ్చాను.

బాపు లడ్డూ చేతిలో పట్టుకుని, కిందికి చూస్తూ, "బండ గింత జల్ది మంచిగైతదా బిడ్డా? నా ఇరవై తొమ్మిదేండ్లల్ల గట్ల ఎన్నడు సూడలే," అన్నాడు.

పని పోయిందన్న కోపంతో అంటున్నావని మొహం మీదే అనేశాను. బాపు లడ్డూ మా తిరుపతి బిడ్డ అక్షర చేతిలో పెట్టి అవతలికి వెళ్లిపోయాడు. ఆ మాట నేను అనకుండా ఉంటే, ఇంకో నాలుగు మాటలు అని ఉండేవాడేమో. ఆ నాలుగు మాటలు చాలేవేమో.

జూన్ పద్నాలుగు, రెండో శనివారం. బడికి సెలవు, నాకూ సెలవే. అయినా నమూనా హెల్మెట్ ఒకటి ఇంటికి తెచ్చుకుని, వరండాలో ల్యాప్‌టాప్‌కు తగిలించి ఏదో సరిచేస్తున్నాను. తిరుపతికి రెండో షిఫ్టు, మూడింటికి దిగాలి. భోంచేసి లేచాడు. క్వార్టర్ల మధ్య సిమెంటు గల్లీలో అక్షర, పక్కింటి పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. గళ్లు గీయడానికి సుద్దముక్క అక్షర తాత జేబులోంచి కొట్టేసింది. తాతకు ఇప్పుడు దాంతో పనేముంది?

పిల్లల్ని నవ్వించడానికి తిరుపతి ఆ హెల్మెట్ తలకు పెట్టుకుని, దయ్యంలా నడుస్తూ గల్లీలోకి దిగాడు. గళ్ల దగ్గర వంగి చూడగానే కూత వినిపించింది.

"అక్కా, నీ మిషిన్ మన గల్లీనే కూలుతదంటుంది. ఇగ క్వార్టర్లన్ని ఖాళీ జేయించు," అని అరిచాడు.

పిల్లలు పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. ల్యాప్‌టాప్‌లో తొక్కుడుబిళ్ల గళ్ల చుట్టూ ఎర్ర గడి, దాని మీద ‘చెడ్డ బండ, 96’ అని ఉంది. మేమిద్దరం కలిసి నవ్వింది అదే ఆఖరు. వాడు హెల్మెట్ తీసి నాకిచ్చి, అక్షరను ఎండలో ఆడొద్దని కసిరి, బైకెక్కి వెళ్లిపోయాడు. అప్పుడు టైము రెండు దాటి పది నిమిషాలు.

నవ్వు ఆగాక నాకేదో తేడాగా అనిపించింది. గల్లీలోకి వెళ్లి కాలితో రెండు గళ్లు చెరిపేశాను. అంకె డెబ్బైకి పడింది. ఇంకా చెరిపితే ఎర్ర గడి మాయమైంది. అక్షర ఏడుపు లంకించుకుంది. దాని చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, శుభ్రంగా ఉన్న సిమెంటు మీద బాపు గీసినట్టే పెద్ద ఇంటూ గుర్తు గీశాను. తొంభై తొమ్మిది వచ్చింది.

ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. అది బండను చూడటం నేర్చుకోలేదు. బాపు సుద్దను చూడటం నేర్చుకుంది. ఏప్రిల్, మే నెలల్లో అది కనిపెట్టిందల్లా సర్దార్లు గీసిన గుర్తుల్నే. జూన్‌లో గీసేవాళ్లు లేరు, కాబట్టి దానికి కనిపించేదీ లేదు. అప్పుడు వెలిగిన ఆ నాలుగు కూడా ఎక్కడో మిగిలిన పాత గుర్తులై ఉంటాయి. అయినా దాన్నని ఏం లాభం? నేను చూసిందీ సుద్దనే. నాకు వచ్చిందే దానికి నేర్పాను.

టైము రెండున్నర. ల్యాంపు రూంకు ఒక్క ఫోన్ చేస్తే బాపు ఎత్తేవాడు. షిఫ్టు ఆగిపోయేది. నేను చేయలేదు.

ఎందుకు చేయలేదో ఈ నెల రోజుల్లో నన్ను నేను అడగని గంట లేదు. భయపడ్డాను, అంతే. తొంభై ఎనిమిది మార్కులు గోడ మీద ఉన్నాయి. పిల్లల ఆట చూసి బాయి ఆపించిందని నవ్వుతారనుకున్నాను. ఒకవేళ నేను పొరబడితే? కచ్చితంగా తేల్చుకుని చెబుదామనుకున్నాను. బాపు ఫొటోల్లోంచి రెండు వందలు తీసి, కంప్యూటర్లో వాటి మీది సుద్ద గుర్తులు చెరిపేసి, మళ్లీ సర్వీసుకు పంపాను. చెరపడానికే పాతిక నిమిషాలు పట్టింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. మూడింటికి బాయి సైరన్ మోగింది. అది నాకు వినిపించింది. చక్రం వైపు చూస్తూ కూర్చున్నాను.

మూడూ యాభైకి ఫలితం వచ్చింది. రెండు వందల చెడ్డ బండల్లో అది కనిపెట్టింది ఐదు.

మాధవరావు గారికి ఫోన్ చేశాను. ఆయన్ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. రెండు వాక్యాల్లోనే అర్థం చేసుకుని, వెంటనే అందరినీ బయటికి రప్పించమని ల్యాంపు రూంకు చెప్పారు. అక్కడ ఫోన్ ఎత్తింది బాపే. లోపలి ఫోన్లు ఒక్కొక్కటీ తిప్పి అందరినీ పిలిచాడు. సపోర్టు గ్యాంగు చిట్టచివర ఉంది. వాళ్ల దగ్గర ఫోన్ లేదు, మనిషి నడిచి వెళ్లి చెప్పాలి. ఆ మనిషి సగం దూరం వెళ్లేసరికి కప్పు కూలిన చప్పుడు వినిపించిందట. అప్పుడు నాలుగూ ఎనిమిది.

మిగతావాళ్లు నలుగురూ బయటపడ్డారు. బాపు కర్ర పట్టుకుని, ఎవరు ఆపినా ఆగకుండా దిగాడు. తిరుపతిని పైకి తెచ్చేసరికి పొద్దు గుంకింది. బాపు పక్కనే నడుస్తూ వచ్చాడు. వాడి హెల్మెట్ చంకలో పెట్టుకుని ఉన్నాడు. ఆ మధ్యాహ్నం దాన్ని వాడి చేతికి అందించింది కూడా ఆయనే.

వారం తిరక్కుండానే హెల్మెట్లన్నీ వెనక్కి తీసుకున్నారు. సర్దార్లు మళ్లీ బండలు తడుతున్నారు. దినాలయ్యాక బాపూ మళ్లీ దిగడం మొదలుపెట్టాడు. విచారణలో నేను రెండున్నర గంటలప్పటి సంగతి దాచకుండా చెప్పాను. వాళ్లు రాసుకున్నారు. ఇంట్లో కూడా చెప్పాను. తిరుపతి భార్య లావణ్య నాతో మాట్లాడటం మానేసింది, అది న్యాయమే. బాపు మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేదని రోజూ అనుకుంటాను.

నిన్న మాధవరావు గారు ఇంటికి వచ్చారు. ఈ హెల్మెట్లు ఇంకో పదకొండు బాయిలకు వెళ్లాల్సినవి. పారేయడమా, మళ్లీ సరిగ్గా నేర్పడమా అని పైవాళ్లు అడుగుతున్నారట. నేర్పాలంటే సుద్ద గుర్తు లేని చెడ్డ బండల ఫొటోలు కావాలి. బండ గుల్లగా పలికిన వెంటనే గుర్తు పెట్టకుండా ముందు ఒక్క ఫొటో తీసి, ఆ తర్వాత గీయమని బాపును బతిమాలారు. ఒక్క నిమిషం పని.

బాపు మెల్లగా అన్నాడు.

"గుల్ల పలికినంక గుర్తు పెట్టకుండ ఎనుకకు జరిగి ఫొటో తీయాల్నా సార్? ఆ నిమిషంల కిందికెల్లి ఎవడన్న నడిస్తే? నాతోని గాదు."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ నాలుగు వేల ఫొటోల్లో ఒక్కటి కూడా గుర్తు లేకుండా ఎందుకు లేదో. అది అలవాటు కాదు, పొరపాటు అంతకన్నా కాదు. చెడ్డ బండ అని తెలిశాక ఫొటో కోసమైనా సరే, దాన్ని ఊరికే వదలడం ఆ మనిషికి చేతకాదు. ఆయన మంచితనమే నా గడుల్లోకి వచ్చి కూర్చుంది. ఆయనకు అది చెప్పాలనిపించలేదు. ఎవరు చెబుతారు అలాంటి మాట కన్నతండ్రికి?

హెల్మెట్లు, సర్దార్లు తట్టని ఆ పద్నాలుగు రోజుల్లో తీసిన ఫొటోలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో సుద్ద లేని చెడ్డ బండలు ఎన్నో ఉండే ఉంటాయి. కానీ ఏది చెడ్డదో చెప్పగలవాళ్లు లేరు, ఒక్కదాన్నీ ఎవరూ కొట్టి వినలేదు. ఖాయంగా తెలిసింది ఒక్కటే, ఆ రోజు కూలిన బండ. దాని ఫొటో తిరుపతి హెల్మెట్‌లో ఉంది. గడి వేరేవాళ్లతో గీయిస్తానని మాధవరావు గారు తలదించుకుని అన్నారు. వద్దు, నేనే గీస్తానన్నాను.

ఈ ఉదయం మొదటి షిఫ్టుతో బాపు వెంట బాయిలోకి దిగాను. బాపు ముందు నడిచాడు, నేను వెనక. రెండు చోట్ల బండ ఖంగుమంది. మూడోచోట కర్ర నా చేతికిచ్చాడు. కొట్టాను. ఆ గుల్ల చప్పుడు చెవికంటే ముందు అరచేతికి తెలిసింది, మోచేతిదాకా పాకింది. ఒక్కసారి వింటే చాలు, బతికున్నంత కాలం మరిచిపోలేం. బాపు నన్ను వెనక్కి లాగి గుర్తు గీశాడు.

పైకి వచ్చి, స్నానాలు చేసి, వరండాలో ల్యాప్‌టాప్ తెరిచాను. బాపు పక్కన కూర్చున్నాడు. తిరుపతి తలెత్తి చూసినప్పటి ఫొటో, నాలుగూ ఏడుకు తీసింది. వాడి దీపం వెలుగులో నల్లటి రాయి, నున్నగా, శుభ్రంగా. గుర్తు లేదు, ఎర్ర గడి లేదు. కింద ఓ మూల వాడి చేయి, బోల్టు పట్టుకుని ఉంది. అక్షర కట్టిన ఎర్రదారం మణికట్టుకు అలాగే ఉంది.

బాపు తెరకు దగ్గరగా వంగాడు. నాకు కనిపించనిదేదో వెతుకుతున్నాడు. కాసేపటికి కుడివైపు ఒక సన్నటి మెరుపు దగ్గర ఆయన చూపు ఆగింది. చేయి దానంతటదే జేబులోకి వెళ్లింది. సుద్దముక్క తీసి, నేను ఆపేలోపే, ల్యాప్‌టాప్ తెర మీద, ఆ బండ మీద, పెద్ద ఇంటూ గుర్తు గీశాడు.

గీశాక ఆయనకే తెలిసింది ఏం చేశాడో. చేయి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఇద్దరం ఆ గుర్తును చూస్తూ ఉండిపోయాం. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత చున్నీ చెంగుతో తెర తుడిచాను. గుర్తు ఉన్నచోటు మనసులో పెట్టుకుని, మౌసుతో ఆ రాయి చుట్టూ గడి గీశాను. కింద ‘చెడ్డ బండ’ అని రాశాను. అది నాలుగు వేల నూట పదమూడోది.

"ఇగ దీన్ని సూసి నేర్సుకుంటదా?" అని బాపు అడిగాడు.

"ఒక్కటి సాలదు బాపూ. వేలు గావాలె."

బాపు తల ఊపాడు. సుద్దముక్క మళ్లీ జేబులో వేసుకున్నాడు. రెండో షిఫ్టు సర్దార్ రాలేదట, ఆ షిఫ్టుకూ తానే దిగుతానని చెప్పి, గోడకు ఆనించిన కర్ర తీసుకుని బయల్దేరాడు.